ఇన్సులిన్ బాధ్యతను పిల్లల మీద ఒంటరిగా వదిలేయకండి

(టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు, వారి తల్లిదండ్రులు, జూనియర్ కళాశాలల అధ్యాపకులు, హాస్టల్ వార్డెన్లు హాజరైన సభలో ఒక పిల్లల వైద్య నిపుణురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

సభలోని పెద్దలకు, పిల్లలకు నమస్కారం. ఈ రోజు నవంబరు 14. మన దేశంలో బాలల దినోత్సవం, ప్రపంచానికి మధుమేహ దినోత్సవం. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో ఈ తేదీనే పుట్టాడు. మధుమేహం ఉన్న పిల్లల గురించి కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన రోజు ఉండదు కాబట్టి, మీరందరూ పనులు మానుకుని వచ్చినందుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను.

ముందుగా వార్డెన్లకు, అధ్యాపకులకు ఒక విషయం స్పష్టం చేయాలి. మీ ఇంట్లో తాతగారికో అమ్మగారికో ఉన్న షుగరు వేరు, ఈ పిల్లలకు ఉన్న షుగరు వేరు. పెద్దలకు సాధారణంగా వచ్చే టైప్ 2లో ఒంట్లో ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది గానీ సరిగా పనిచేయదు, లేదా చాలదు. అందుకని నడకతో, పథ్యంతో, మాత్రలతో చాలాకాలం నెట్టుకురావచ్చు. టైప్ 1లో అలా కాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. ఇది స్వీట్లు తిన్నందువల్ల వచ్చింది కాదు, తల్లి సరిగా పెంచనందువల్ల వచ్చింది కాదు. ఈ పిల్లలకు ఇన్సులిన్ బయటి నుంచి అందాలి. ఒక్క రోజు పూర్తిగా ఆగినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇన్సులిన్ లేని కాలంలో ఏమయ్యేదో మీకు తెలియాలి. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడు చావుకు దగ్గరలో ఉన్నాడు. అప్పటికి ఉన్న ఏకైక వైద్యం పిల్లలను దాదాపు పస్తులుంచడమే కాబట్టి అతని బరువు 30 కిలోలు కూడా లేదు. ఆ నెల 11న మొదటి సూది వేస్తే మందు శుద్ధంగా లేక పనిచేయలేదు. 23న, శుద్ధి చేసిన మందుతో మళ్ళీ మొదలుపెడితే షుగరు దిగింది. ఆ కుర్రవాడు మరో 13 ఏళ్లు బతికాడు. ఆ మందుతో ప్రాణం దక్కిన మొదటి మనిషి మీ పిల్లల ఈడువాడే.

అంటే, నూరేళ్లకు పైగా మన దగ్గర మందు ఉంది. మరి మందు ఉండగా, ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉండగా, పదిహేనేళ్ల పిల్లలు ఆయాసంతో, వాంతులతో ఐసీయూకి ఎందుకు వస్తున్నారు? తెలియక వస్తున్నారా? లేదు. వాళ్లలో చాలామంది ఇన్సులిన్ గురించి మీకూ నాకూ పాఠం చెప్పగలరు. తెలిసీ మానేస్తున్నారు. ఎందుకు మానేస్తున్నారన్నదే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది.

ఇది మన ఊరి పిల్లల్లోనే ఉన్న లోపం అనుకోకండి. స్కాట్లాండ్‌లోని టేసైడ్ ప్రాంతంలో వైద్యులు ఒక పని చేశారు. టైప్ 1 ఉన్న 89 మంది యువతకు డాక్టర్లు ఎంత ఇన్సులిన్ రాశారు, వాళ్లు మందుల షాపు నుంచి నిజంగా ఎంత తీసుకెళ్లారు అని పక్కపక్కన పెట్టి చూశారు. 1997లో ఆ ఫలితాలు ప్రచురించారు. 25 మంది, అంటే నూటికి 28 మంది, రాసినదానికంటే తక్కువ ఇన్సులిన్ తీసుకెళ్లారు. మందు ఎంత తక్కువ తీసుకెళితే, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగి ఆసుపత్రిలో చేరడం అంత ఎక్కువగా కనబడింది. అక్కడ ఇన్సులిన్‌కు డబ్బు కట్టనక్కరలేదు. అయినా మానేశారు. కాబట్టి డబ్బు ఒక్కటే కారణం కాదు.

ఇంకొక అధ్యయనం సంగతి చెబుతాను, కొంచెం ఓపికగా వినండి. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 వరకు డీసీసీటీ అనే పెద్ద పరిశోధన జరిగింది. 13 నుంచి 39 ఏళ్ల మధ్యవారు 1441 మంది అందులో ఉన్నారు. షుగరును గట్టిగా అదుపులో పెట్టుకున్నవారిలో కంటి రెటీనా జబ్బు కొత్తగా మొదలయ్యే ముప్పు 76 శాతం, నరాల జబ్బు ముప్పు 60 శాతం తగ్గాయి. ఈ అంకెలు మీరు ఇంతకుముందు వినే ఉంటారు, మేము డాక్టర్లం ప్రతిచోటా చెబుతాం. మేము అంతగా చెప్పని విషయం ఇంకొకటి ఉంది. ఆ గట్టి వైద్యం అందుకున్న బృందంలో పెద్దవాళ్ల హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగరును శాతంలో చూపే రక్తపరీక్ష అంకె, సగటున 7.1 దగ్గరికి వస్తే, 13 నుంచి 17 ఏళ్ల పిల్లలది 8.1 దగ్గరే ఆగిపోయింది. ఒకే మందు, ఒకే డాక్టర్లు, ఒకే శ్రద్ధ. ఎప్పుడు ఫోన్ చేసినా పలికే నర్సులు. అయినా ఒక శాతం తేడా ఎందుకు వచ్చింది?

ఒక కారణం శరీరంలో ఉంది. యుక్తవయసులో ఎదుగుదల హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. పదేళ్లప్పుడు సరిపోయిన మోతాదు పద్నాలుగేళ్లకు సరిపోదు. రోజుకు కిలో బరువుకు ఒక యూనిట్ లోపు తీసుకునే పిల్లలకు ఆ రెండు మూడేళ్లు ఒకటిన్నర యూనిట్ దాకా, కొందరికి అంతకంటే ఎక్కువ కూడా కావాల్సి వస్తుంది. అంటే పిల్లవాడు అన్నీ సరిగా చేసినా అంకె పెరుగుతుంది. అన్నీ సరిగా చేసిన రోజున కూడా తిట్లు తిన్న పిల్లవాడు మర్నాడు ఏం చేస్తాడో మీరే ఆలోచించండి. మీటరు తీయడం మానేస్తాడు. తీస్తే అంకె కనబడుతుంది, అంకె కనబడితే మాట పడాలి. అందుకని అసలు చూడడు.

రెండో కారణం బతుకులో ఉంది. రోజుకు నాలుగు సూదులంటే సంవత్సరానికి 1460 సూదులు. వేలు గుచ్చుకుని షుగరు చూసుకోవడం దీనికి అదనం. ప్రతి ముద్దకూ లెక్క. ఆదివారం లేదు, సంక్రాంతి సెలవు లేదు. పెద్దలం మనం బీపీ మాత్ర ఒక్కటి రోజూ తప్పకుండా వేసుకుంటున్నామా? ఇక్కడ కూర్చున్న నాన్నలు నిజాయతీగా ఆలోచించండి.

మా దగ్గరికి వచ్చిన ఒక ఇంటర్ కుర్రవాడి షుగరు పుస్తకం గురించి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. మూడు నెలల పుస్తకం. ప్రతి పేజీలో నీలం సిరా, ఒకే చేతిరాత. 110, 120, 115, 130, అన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకెలు. వేలు గుచ్చుకుని రాసే పిల్లల పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట ఎండిన రక్తపు చుక్క ఉంటుంది. ఈ పుస్తకంలో ఒక్క మరక లేదు. హెచ్‌బీఏ1సీ చూస్తే 11. అంటే గత రెండు మూడు నెలల సగటు షుగరు 270 దగ్గర ఉందన్నమాట. వాళ్లమ్మగారు ఆ పుస్తకం చూసి, ‘వీడు అబద్ధాలకోరు అయిపోయాడు మేడమ్’ అని ఏడ్చారు.

ఆ పిల్లవాణ్ణి, ‘ఎందుకు అబద్ధం రాశావు?’ అని అడిగితే ఏం చెబుతాడు? తల దించుకుంటాడు. అందుకని, ‘రోజు మొత్తంలో నీకు అన్నిటికంటే కష్టంగా ఉండే సూది ఏది నాన్నా?’ అని అడిగాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత, ‘మధ్యాహ్నానిది’ అన్నాడు. ఇన్సులిన్ పెన్ను మూడో అంతస్తులో, తన గదిలో, ట్రంకు పెట్టెలో ఉంటుంది. క్లాసు వదలగానే మెస్ దగ్గర వరుస కడతారు. మూడంతస్తులు ఎక్కి, పెట్టె తాళం తీసి, సూది వేసుకుని, దిగి వచ్చేసరికి వరుస చివర నిలబడాలి, కూర అయిపోతుంది, స్టడీ అవర్‌కు ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే బయట నిలబెడతారు. అందుకని సూది మానేసి తినేస్తున్నాడు. మానేశానని రాస్తే ఇంట్లో గొడవ కాబట్టి 120 అని రాస్తున్నాడు.

ఇందులో తిరుగుబాటు ఎక్కడుంది చెప్పండి? సోమరితనం ఎక్కడుంది? మూడు అంతస్తుల మెట్లు ఉన్నాయి, అంతే. పెన్నును చొక్కా జేబులో పెట్టుకోనిచ్చి, మెస్‌లో కూర్చున్నచోటే సూది వేసుకోనిచ్చి, భోజనానికి పది నిమిషాలు ముందు వదిలిపెడితే తీరిపోయే సమస్య అది. ఆ కళాశాలవారు ఒప్పుకున్నారు, మధ్యాహ్నపు సూది తిరిగి మొదలైంది. ఆ మూడు నెలల్లో ఎవ్వరూ అడగని ప్రశ్న అదొక్కటే.

కాబట్టి తల్లిదండ్రులకు నా మొదటి మనవి. పిల్లవాడు ఇంట్లోకి అడుగు పెట్టగానే, ‘షుగరెంత?’ అని అడగకండి. ‘తిన్నావా, పరీక్ష ఎలా రాశావు, ఎండగా ఉందా’ అని అడగండి. షుగరు గురించి మాట్లాడటానికి రోజులో ఒక వేళ పెట్టుకోండి, రాత్రి భోజనానికి ముందు అనుకుందాం. అప్పుడు మీటరు తీసుకుని ఇద్దరూ కలిసి చూడండి. 310 కనబడితే, ‘ఏం తిన్నావు?’ అని మొదలుపెట్టకండి. ‘సరే, ఎక్కువగా ఉంది, ఇప్పుడు ఎన్ని యూనిట్లు వేద్దాం?’ అనండి. అంకె తెలిస్తే దానికి తగిన పని చేయవచ్చు. అంకె మంచిదైతే పొగిడి, చెడ్డదైతే తిట్టడం మొదలుపెట్టారో, మీకు మంచి అంకెలే కనబడతాయి. పుస్తకంలో మాత్రమే.

రెండో మనవి ఇంకా ముఖ్యమైనది. ‘వాడికి పన్నెండేళ్లు వచ్చాయి, సూది వాడే వేసుకుంటాడు, మేము పట్టించుకోనక్కరలేదు’ అని చాలామంది గర్వంగా చెబుతారు. సూది గుచ్చుకోవడం చేతికి సంబంధించిన పని, దాన్ని ఎనిమిదేళ్ల పిల్లలు కూడా నేర్చుకుంటారు. ఎంత మోతాదు, ఎప్పుడు, జ్వరం వస్తే ఏం చేయాలి, ఆటల తరవాత ఎంత తగ్గించాలి, మందు ఎప్పుడు అయిపోతుంది, ఇవన్నీ రోజంతా బుర్రలో మోయవలసిన పనులు. చెయ్యి నేర్చుకుంది కదా అని బుర్ర మీద మొత్తం బరువు ఒకేసారి పెట్టేస్తే ఆ వయసులో మోయలేరు. అమెరికాలోని బోస్టన్‌లో జోస్లిన్ మధుమేహ కేంద్రానికి చెందిన మనస్తత్వవేత్త బార్బరా ఆండర్సన్, ఆమె సహచరులు ఈ విషయం మీద చాలాకాలం పనిచేశారు. పది నుంచి పదిహేనేళ్ల పిల్లల కుటుంబాలకు, డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడే కాసేపు కూర్చోబెట్టి, ఎవరు ఏ పని చేయాలో పంచుకోవడం, నిందించకుండా మాట్లాడటం నేర్పారు. అలా నేర్పిన ఇళ్లలో తల్లిదండ్రులు బాధ్యతలోంచి తప్పుకోవడం తగ్గింది, గొడవలు కూడా తగ్గాయి. చూశారా, దగ్గరగా ఉంటే గొడవలు పెరుగుతాయని మనం భయపడతాం. దగ్గరగా ఉండే తీరు మారితే పెరగనక్కరలేదు.

ఒకవేళ మీ అబ్బాయో అమ్మాయో అన్నీ మానేసిన స్థితిలో ఉంటే, రేపటి నుంచి నాలుగు సూదులు, ఆరు పరీక్షలు, పథ్యం, వ్యాయామం అని మొదలుపెట్టకండి. ఒక్కటి పట్టుకోండి. రాత్రి వేసే, రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఉంటుంది కదా, అది తప్పకూడదు. వారం రోజులు ఆ సూది మీరే వేయండి, పదిహేడేళ్ల పిల్లవాడైనా సరే. ‘ఈ వారం నువ్వు విశ్రాంతి తీసుకో, ఇది నా పని’ అనండి. ఆ మాట విన్న పిల్లల ముఖాలు నేను చూశాను. ఆ ఒక్కటి కుదురుకున్నాక రెండోదాని సంగతి మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు వార్డెన్లు, ప్రిన్సిపాల్స్. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు పదో తరగతి అవగానే ఇల్లు వదిలి రెసిడెన్షియల్ కాలేజీలకు వెళ్లిపోతారు. షుగరు అదుపు అన్నిటికంటే కష్టమయ్యే వయసులో, చూసుకునే అమ్మ పక్కన లేని చోటికి పంపుతున్నాం. కాబట్టి ఆ రెండేళ్లు మీరే అమ్మా నాన్నా. సూదులు కనబడితే మత్తుమందు అనుకుని పెట్టెలు సోదా చేసి లాక్కున్న సంఘటనలు నేను విన్నాను. దయచేసి అలా చేయకండి. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. వాడుతున్న పెన్నును మామూలు గది ఉష్ణోగ్రతలో సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చు. కానీ మన మే నెలలో గదులు 40 డిగ్రీలు దాటతాయి కాబట్టి, ఫ్రిజ్ అందుబాటులో లేకపోతే మట్టికుండలో మరో చిన్న కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి, అందులో నీళ్లు తగలకుండా ఉంచండి. పల్లెల్లో చాలామంది చేస్తున్న పనే ఇది, బాగా పనిచేస్తుంది.

షుగరు 70 కంటే తగ్గితే పిల్లవాడికి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ఒక్కోసారి కారణం లేకుండా కోపం వస్తుంది. పరీక్ష మధ్యలో అలా అవుతుందేమోనన్న భయంతో కావాలనే ఇన్సులిన్ తగ్గించుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ భయం పోవాలంటే, షుగరు అలా పడిపోతే తమను ఎవరైనా చూసుకుంటారన్న నమ్మకం వాళ్లకు కలగాలి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పదిహేను నిమిషాల తరవాత మళ్లీ షుగరు చూడండి, ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ ఇవ్వండి. ఆఫీసుకు పంపి అనుమతి చీటీ తెప్పించుకోమనకండి, మెట్లు ఎక్కించకండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పరీక్ష హాల్లోకి తినుబండారాలు తీసుకెళ్లడానికి టైప్ 1 పిల్లలకు సీబీఎస్‌ఈ 2017లోనే అనుమతి ఇచ్చింది. జేఈఈ మెయిన్ నిబంధనల్లో కూడా మధుమేహం ఉన్నవారు షుగర్ మాత్రలు, పండ్లు, పారదర్శకమైన నీళ్ల సీసా తీసుకెళ్లవచ్చని ఉంది. జాతీయ పరీక్షలకే లేని అభ్యంతరం మీ వారాంతపు పరీక్షకు ఎందుకు?

డబ్బు గురించి కూడా చెప్పాలి. స్ట్రిప్పుల ఖర్చు భరించలేక షుగరు చూడటం మానేసే కుటుంబాలు ఉన్నాయని నాకు తెలుసు. రోజుకు రెండే స్ట్రిప్పులు కొనగలిగితే ఆ మాట డాక్టరుకు చెప్పండి, సిగ్గుపడకండి. ఏ రెండు వేళల్లో చూస్తే ఎక్కువ ఉపయోగమో చెప్పడం మా పని. సీసా ఇన్సులిన్ వాడేవాళ్లు ఒక జాగ్రత్త పడాలి. మన దగ్గర దొరికే సీసాల్లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత ఉన్న సిరంజినే వాడాలి. నారింజ మూత సిరంజి 100 యూనిట్ల మందుకు. మందుల షాపులో ఒకటి బదులు ఒకటి ఇస్తే మోతాదు తలకిందులవుతుంది. ఒకే చోట సూది గుచ్చీ గుచ్చీ గడ్డ కట్టినా మందు సరిగా ఎక్కదు. అప్పుడు పిల్లవాడు నిజంగానే వేసుకున్నా అంకె దిగదు. కాబట్టి, ‘వేసుకోలేదు’ అని తేల్చేముందు పొట్ట మీద, తొడల మీద చేత్తో తడిమి చూడండి.

అమ్మాయిల తల్లిదండ్రులతో ఒక మాట. ‘బయట తెలిస్తే పెళ్లి కాదు’ అన్న భయంతో చుట్టాల ఇంట్లో, పెళ్లిళ్లలో, స్నేహితుల దగ్గర సూది దాచమని మనమే నేర్పుతున్నాం. దాచాల్సిన పని ఏదైనా ముందు వాయిదా పడుతుంది, తరవాత మానేయబడుతుంది. పెళ్లికి వెళ్లిన రెండు రోజులూ సూదులు లేకుండా గడిపి, మూడో రోజు ఆసుపత్రికి వచ్చిన అమ్మాయిలు ఉన్నారు. షుగరు అదుపులో ఉంచుకుని చదువుకుని, ఉద్యోగం చేసి, పెళ్లి చేసుకుని, ఆరోగ్యమైన పిల్లల్ని కన్న టైప్ 1 స్త్రీలు మన మధ్యే ఉన్నారు. ఇంకొకటి, ఇన్సులిన్ మానేస్తే బరువు తగ్గుతుందని కొందరు అమ్మాయిలకు తెలుసు, ఆ కారణంతో మోతాదు తగ్గించుకుంటారు. తిండి మీద, ఒంటి బరువు మీద అతిగా బెంగ కనబడినా, దేనిమీదా ఆసక్తి లేకుండా ముభావంగా ఉంటున్నా డాక్టరుకు చెప్పండి. మనసుకు సంబంధించిన వైద్యం కూడా ఈ జబ్బు వైద్యంలో భాగమే.

ఆకుపసరు, కాకర రసం, ఫలానా ఊళ్లో ఇచ్చే పొడి గురించి ఎక్కువ చెప్పను. ఏది తాగినా తాగండి అని కూడా అనను. ఇన్సులిన్ ఆపమన్న మనిషి ఎవరైనా సరే, ఆ మనిషి మీ బిడ్డ ప్రాణంతో ఆడుకుంటున్నాడని గట్టిగా చెబుతున్నాను. వైద్యం మొదలుపెట్టిన కొత్తలో కొన్ని నెలలు ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోయే దశ ఒకటి వస్తుంది. సరిగ్గా అప్పుడే పసరు తాగించి, దానివల్లే తగ్గిందని నమ్మేస్తారు. అది తాత్కాలికం, పసరుతో సంబంధం లేనిది.

ముగించేముందు, జ్వరం వచ్చిన రోజు సంగతి చెప్పి తీరాలి. ‘ఏమీ తినలేదు కదా, ఇన్సులిన్ ఎందుకు?’ అనుకుని ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. జ్వరంలో, వాంతుల్లో షుగరు సాధారణంగా పెరుగుతుంది. రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను ఆపకూడదు. రెండు మూడు గంటలకు ఒకసారి షుగరు చూడాలి, వీలుంటే కీటోన్లు చూడాలి, నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి, ఆయాసం, నోటి నుంచి పండిన పండు వాసన వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా బయలుదేరండి. ఈ నాలుగు మాటలు, మీ డాక్టరు ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి, హాస్టల్లో పిల్లవాడి మంచం పక్కన ఒకటి, వార్డెన్ బల్ల మీద ఒకటి అంటించండి.

ఇక మీ ప్రశ్నలు. ముందుగా పిల్లలు అడుగుతారు. అమ్మలు, నాన్నలు దయచేసి వాళ్ల తరఫున మాట్లాడకండి. అందరి ముందూ అడగలేని ప్రశ్నలు ఉంటే కాగితం మీద, పేరు లేకుండా రాసి ఇవ్వండి, చదివి సమాధానం చెబుతాను. వాళ్లవి అయ్యాకే పెద్దలవి తీసుకుంటాను.